పుస్తకం పేరు కింద ఏం రాయాలి?

వేమన పద్యాలు ఎలా పోగుపడ్డాయి, ఎవరు పోగుచేశారు అనే విషయం మీద పీహెచ్‌డీ చేస్తున్న ఒక విద్యార్థినికీ, ఆమె గైడ్‌కూ మధ్య నడిచే సంవాదం ఇది. ఆమె కడప జిల్లాలో హైస్కూలు తెలుగు టీచరు. బడికి సెలవు పెట్టి పరిశోధనకు వచ్చింది. సినాప్సిస్ ఆమోదం పొందగానే మొదటి అధ్యాయం రాయబోతుంటే గైడ్ ఆపారు. ముందు వివరణలతో గ్రంథసూచి తయారుచేసుకు రమ్మన్నారు. ప్రతి పుస్తకం పేరు కింద నూటయాభై మాటల్లో మూడు సంగతులు ఉండాలి: అది ఏం చెబుతోంది, ఏ ఆధారంతో చెబుతోంది, ఈ పరిశోధనకు ఎందుకు కావాలి. ఇంగ్లిషు శాఖల్లో అనొటేటెడ్ బిబ్లియోగ్రఫీ పేరుతో ఇది అలవాటైన పనే. తెలుగు శాఖల్లో మాత్రం థీసిస్ చివర ఉపయుక్త గ్రంథసూచి అని ఒక జాబితా పెట్టి ఊరుకోవడమే ఆనవాయితీ. ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు.

విద్యార్థిని: ఏమీ అనుకోకండి సార్, సూటిగానే అడుగుతాను. థీసిస్ చివర రెండు వందల పుస్తకాల జాబితా ఎలాగూ పెడతాను. రచయిత, పుస్తకం పేరు, ప్రచురణకర్త, సంవత్సరం అన్నీ ఉంటాయి. ఇన్నేళ్లుగా అందరూ చేస్తున్నది అదే కదా. నా ఒక్కదానికే ఈ అదనపు చాకిరీ ఎందుకు?

ఆచార్యులు: ఆ రెండు వందల్లో నువ్వు చదివినవి ఎన్ని ఉంటాయమ్మా?

విద్యార్థిని: నిజం చెప్పమంటే సగం. కొన్ని తిరగేస్తాం. ఇంకొన్ని ముందు వచ్చిన థీసిస్‌లలోంచి ఎత్తి రాసుకుంటాం. థీసిస్‌లు పెట్టే ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో ఏ నాలుగు సిద్ధాంత గ్రంథాలు తీసినా చివరి పేజీల్లో అవే పేర్లు, ఒక్కోసారి అవే అచ్చుతప్పులు.

ఆచార్యులు: అచ్చుతప్పు కూడా వారసత్వంగా వస్తోందంటే మధ్యలో ఎవరూ పుస్తకం తెరవలేదనేగా అర్థం? పేరు రాయడానికి పుస్తకం చేతిలో ఉండక్కర్లేదు. పేరు కింద నాలుగు వాక్యాలు రాయాలంటే ఉండాలి. నేను అడిగేది ఆ నాలుగు వాక్యాలే.

విద్యార్థిని: చేతిలోకి రావాలి కదా సార్! అసలు కష్టం అక్కడుంది. పాత తెలుగు పుస్తకాలు సగం అంగట్లో లేవు. డిజిటల్ లైబ్రరీ స్కాన్లలో వెతుకుదామంటే పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఇష్టం వచ్చినట్టు కొట్టి ఉంటాయి, దొరికినదాంట్లో పేజీలు ఎగిరిపోయి ఉంటాయి. అమెరికాలో కాలేజీ పిల్లలు లైబ్రరీలోకి వెళ్తే అన్నీ అందుతాయి కాబట్టి వాళ్లకు ఈ పద్ధతి నడుస్తుంది. మాకు పుస్తకం దొరికితేనే పండగ.

ఆచార్యులు: దొరకని పుస్తకం కింద దొరకలేదనే రాయి. ‘ప్రత్యక్షంగా చూడలేదు, ఫలానా వారి పుస్తకంలో ఫలానా పేజీలో ఉదాహరించినంత మేరకే తెలుసు’ అని ఒక్క వాక్యం. ఉత్త జాబితాలో ఈ మాట రాయడానికి చోటే లేదు. అందుకే చూసినదీ చూడనిదీ పక్కపక్కనే ఒకే ముఖంతో కూర్చుంటాయి. నీ తర్వాత వచ్చేవాళ్లు ఆ పుస్తకం ఎక్కడో ఉందనుకుని మళ్లీ ఊళ్లు తిరుగుతారు.

విద్యార్థిని: ఇతరుల మాట మీద ఆధారపడటం అంత పాపమా? విల్సన్ సంగతే చూడండి. కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ సేకరించిన రాతప్రతులకూ కైఫీయతులకూ (గ్రామ చరిత్రలకూ) 1828లో కలకత్తాలో వివరణాత్మక కేటలాగు అచ్చువేశాడు. ఆయన సంస్కృత పండితుడు. మన దక్షిణాది భాషలు చదవలేడు. మెకంజీ దగ్గర పనిచేసిన మనవాళ్లు తయారుచేసిచ్చిన సారాంశాల మీద ఆధారపడ్డాడు. అయినా దాదాపు రెండు వందల ఏళ్లుగా అందరూ ఆ కేటలాగు పట్టుకునే తిరుగుతున్నారు.

ఆచార్యులు: మంచి ఉదాహరణ తెచ్చావు. నీ పక్షానికంటే నా పక్షానికే ఎక్కువ పనికొస్తుంది. సారాంశాల మీద ఆధారపడిన సంగతి విల్సన్ దాచుకోలేదు. కాబట్టే ఆ కేటలాగులో ఒక వివరణ చదివేటప్పుడు ‘ఇది ఎవరి కన్ను చూసింది’ అని మనం అడగగలుగుతున్నాం. ఆ తర్వాత మద్రాసులో విలియం టేలర్ 1857 నుంచి 1862 దాకా మూడు సంపుటాల్లో మళ్లీ కేటలాగు వేయాల్సి వచ్చింది. ఆయన మిషనరీ. కాబట్టి ఆయన వివరణ చదివేటప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరు. వివరణ రాసినవాళ్లెవరో, వాళ్లకు ఆ పుస్తకం ఏ దారిన చేరిందో తెలియకపోతే ఆ వివరణను ఎంతవరకు నమ్మాలో తెలియదు.

విద్యార్థిని: అలా అయితే అసలు చదివినవాళ్ల సంగతేమిటి? ఏలూరు నుంచి వెళ్లిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, ఊరూరా తిరిగి, శాసనాలు చదివి, కరణాలతో మాట్లాడి ఆ సమాచారమంతా తెచ్చారు. బొర్రయ్య 1803లోనే చనిపోతే లక్ష్మయ్య ఆ భారం ఎత్తుకున్నాడు. సేకరణ పేరు మెకంజీది. కేటలాగు పేరు విల్సన్‌ది. గ్రంథసూచిలో నేను రాయాల్సిందీ ఆ రెండు పేర్లే. మీరు చెప్పే ఎంఎల్ఏ, ఏపీఏ గ్రంథసూచి శైలుల్లో లక్ష్మయ్యకు గడి ఎక్కడుంది?

ఆచార్యులు: పైన లేదు. కిందే ఉంది. నేను నూటయాభై మాటలు అడిగింది దీనికే. పై వరసలో అచ్చుపుస్తకం మీద ఏ పేరుంటే ఆ పేరే రాయాలి, అది నియమం. కింద నీకు తెలిసిన నిజం రాయొచ్చు.

ఆమె కాసేపు మాట్లాడలేదు. ఒప్పుకున్నట్టు కాదు, ఇంకో దారి వెతుక్కుంటోంది.

విద్యార్థిని: సరే, ఇది మెకంజీ లాంటి పాత సేకరణలకు బాగుంది. నా విషయంలో అడ్డం వేరే ఉంది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి మీద నేను నూటయాభై మాటల్లో తీర్పు చెప్పాలా? సంస్కృతం, తెలుగు, కన్నడం, ప్రాకృతం, పైగా సంగీతం, అన్నీ తెలిసిన మనిషి. వేమన మీద ఆయన చేసిన ఉపన్యాసాలు చదివితే నాకు ఏడుపొచ్చింది. వాటి కింద ‘బలాలు, లోపాలు’ అని రాయమంటే నా చెయ్యి ఆడదు.

ఆచార్యులు: తీర్పు చెప్పమన్నదెవరు? ఆయన ఏ ప్రశ్న వేసుకున్నారు, ఎవరి ముందు మాట్లాడారు, అది చెప్పు చాలు. అవి 1928లో సభలో ఇచ్చిన ఉపన్యాసాలు. వేమనను ఒక మనిషిగా, కవిగా వినేవాళ్ల ముందు నిలబెట్టడం ఆయన పని. అందులో ఒక్కో పద్యానికి ఒక్కో తాళపత్ర ప్రతి ఆధారం వెతికి, దొరకలేదని గుర్తు పెట్టడం తెలివితక్కువతనం. ‘నా మొదటి అధ్యాయానికి ఇది పాఠాల విషయంలో ఆధారం కాదు, వేమనను ఇరవయ్యో శతాబ్దం ఎలా చదివిందో చెప్పడానికి ఆధారం’ అని రాశావనుకో, అందులో అగౌరవం ఏముంది? ఆయనను చేయని పనికి సాక్ష్యంగా వాడుకోకుండా ఉండటమే గౌరవం.

విద్యార్థిని: వేమన మీద నార్ల వెంకటేశ్వరరావు గారి పుస్తకం కూడా అంతేనా?

ఆచార్యులు: అది ఇంకా తేలిక. ఆయన పత్రికా సంపాదకుడు, హేతువాది. 1969లో సాహిత్య అకాడెమీ కోసం ఇంగ్లిషులో, తెలుగు రాని పాఠకుల కోసం రాశారు. ఈ మూడు సంగతులూ వివరణలో ఉంటే, ఆ పుస్తకంలో వేమన ఎందుకు అలా కనబడతాడో చదివేవాళ్లకు సగం తెలిసిపోతుంది. ఎన్. గోపి గారి ‘ప్రజాకవి వేమన’ సిద్ధాంత గ్రంథంగా పుట్టింది. దాన్ని అడగాల్సిన ప్రశ్నలు వేరు. నువ్వు కూడా అదే పనిలో ఉన్నావు కాబట్టి, ఆయన ఎక్కడ ఆపారో చూసుకుని నువ్వు అక్కడ మొదలుపెట్టాలి.

విద్యార్థిని: మీరు చెబుతుంటే బాగానే ఉంటుంది. నేను రాస్తే ఎలా వస్తుందో చూడండి. సి.పి. బ్రౌన్ కింద రాసుకొచ్చాను: ‘బ్రౌన్ వేమన పద్యాలను సేకరించి, పరిష్కరించి, ఆంగ్లంలోకి అనువదించి ప్రకటించాడు. వేమన అధ్యయనానికి ఇది ఎంతో ఉపయుక్తమైన గ్రంథం.’

ఆచార్యులు: ఈ రెండో వాక్యం గోపి గారి పుస్తకం కిందకు మార్చినా సరిపోతుంది. రాళ్లపల్లి వారి కిందా సరిపోతుంది. ఎక్కడైనా సరిపోయే వాక్యం ఎక్కడా పనిచేయదు, కొట్టేయ్. మొదటి వాక్యం దగ్గర ఆగుదాం. బ్రౌన్ ఏ పుస్తకం?

విద్యార్థిని: వేమన పద్యాలు. 1829.

ఆచార్యులు: 1829 మాత్రమేనా?

విద్యార్థిని: 1839లో ఇంకో కూర్పు ఉంది. అదే పుస్తకం కదా అని ఒకే పద్దు కింద రాశాను.

ఆచార్యులు: 1829లో పద్యాలెన్ని?

విద్యార్థిని: 693.

ఆచార్యులు: 1839లో?

విద్యార్థిని: 1164.

ఆచార్యులు: అదే పుస్తకం అంటావా?

విద్యార్థిని: ...అంటే 471 ఎక్కువ.

ఆచార్యులు: నికరంగా 471 ఎక్కువ. మొదటి 693 అన్నీ రెండో కూర్పులో ఉన్నాయా, కొన్ని తీసేసి ఇంకా ఎక్కువ చేర్చాడా అన్నది నువ్వు పక్కపక్కన పెట్టి సరిచూస్తే గానీ తెలియదు. పదేళ్లలో ఒక కవి పద్యాలు ఇంతలా పెరిగాయి. కవి ఎప్పుడో పోయాడు. మరి పెంచిందెవరు? ప్రతులా, పండితులా, బ్రౌన్ అభిరుచా? నీ థీసిస్ విషయమే అది! ఒకే పద్దు కింద రాసి దాన్ని మూసేశావు.

విద్యార్థిని: సార్, ఒక్క నిమిషం. ఇది నాకు కనపడి ఉండాల్సింది. కానీ ఇది గ్రంథసూచి గొప్పతనం కాదు, మీరు పక్కన కూర్చుని అడగడం గొప్పతనం. గైడ్ ఇలా అడిగితే గ్రంథసూచి లేకపోయినా తెలుస్తుంది.

ఆచార్యులు: నేను ఎన్నాళ్లు పక్కన కూర్చుంటాను? నూటయాభై మాటలు నింపాలనే సరికి నిన్ను నువ్వే ఇలా ప్రశ్నించుకోవాల్సి వస్తుంది. రెండు వాక్యాల తర్వాత చెప్పడానికి ఏమీ లేదంటే పుస్తకంలో లేదని కాదు, నువ్వు ఇంకా అడగలేదని. ఇంకో సంగతి చూడు. 1829 పుస్తకం పేరులోనే నీతి, మతం, అధిక్షేపం అని మూడు పేర్లు పెట్టాడు. ఆ మూడు అరలూ బ్రౌన్‌వి. మన ప్రజల నోళ్లలో పద్యం ఏ అరలోనూ లేదు. పొలం గట్టు మీద కోపంలో ఒకటి, పెళ్లిలో ఎగతాళికి ఒకటి, చావింట్లో ఒకటి గుర్తొస్తుంది. అరల్లో సర్దింది సంపాదకుడు. ఇది వివరణలో ఉండాలా, అక్కర్లేదా?

విద్యార్థిని: ఉండాలి. అయితే మీరు ‘బ్రౌన్ సర్దాడు’ అంటున్నారు. ఇందాక విల్సన్ దగ్గర నన్ను పట్టుకున్న ప్రశ్న ఇక్కడ నేను వేస్తాను. కడపలో సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి ప్రతులు పక్కపక్కన పెట్టించి పాఠాలు సరిచూపించాడు బ్రౌన్. ‘సేకరించి, పరిష్కరించి’ అని ఆయన పేరు మీద రాస్తే ఆ పండితులు ఏమయ్యారు? మా ఊళ్లో బ్రౌన్ పేరు మీద గ్రంథాలయం ఉంది, సంతోషం. ఆయనకు అంత రుణపడ్డాం. కానీ ఆయన ముందు కూర్చుని ఆకులు తిప్పిన చేతులను కూడా నేను రాస్తాను.

ఆచార్యులు: రాయి. అదే రాయి. ఇప్పుడు నీ నూటయాభై మాటలు చాలవు.

ఇక్కడ నా మాట ఒకటి చేర్చాలి. చదివిన పుస్తకం కింద రాసుకునే వివరణ ఎంత దూరం ప్రయాణిస్తుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది, మన దేశంతో ముడిపడినదే. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో పుట్టిన క్టేసియస్ అనే గ్రీకు వైద్యుడు పారశీక రాజు ఆస్థానంలో ఉండి ఇండియా గురించి ఒక పుస్తకం రాశాడు. ఆయన ఇండియాకు రాలేదు, అక్కడ విన్నవే రాశాడు. ఆ పుస్తకం నశించింది. తొమ్మిదో శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్ మతాధిపతి ఫోషియస్ తాను చదివిన పుస్తకాల మీద, దాదాపు 280 పుస్తకాల మీద, ఒక్కోదానికి సారాంశమూ అభిప్రాయమూ రాసిపెట్టుకున్నాడు. క్టేసియస్ పుస్తకం గురించి ఈనాడు మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఫోషియస్ రాసుకున్న ఆ సారాంశమే. కాబట్టి ఆ పుస్తకంలో ఏముండేదన్నదానికి ఫోషియస్‌కు ఏది ఆసక్తిగా అనిపించిందో చాలావరకు అదే హద్దయింది. వింతలను ఆయన విడవలేదు, ఆయన విడిచినవాటిలో చాలావరకు ఏమిటో మనకు తెలియవు. మూలం పోయినా వివరణ మిగలొచ్చు. ఆ సంగతి తెలిసి రాసేవాళ్లు అజాగ్రత్తగా రాయరు. ఆచార్యుల పట్టుదలకు మూలం ఇదేనని నేను నమ్ముతున్నాను. తెలుగులో ఎన్ని పాత పుస్తకాలు ఒకటి రెండు కాపీలకు వచ్చేశాయో లైబ్రరీల్లో తిరిగేవాళ్లకు చెప్పక్కర్లేదు.

విద్యార్థిని: ఇంకో మాట అడగనా? నా తోటి స్కాలర్లలో కొందరు పీడీఎఫ్ ఎక్కించి సారాంశం ఏఐ యంత్రంతోనే రాయించుకుంటున్నారు. అడిగితే గ్రంథసూచి మొత్తం అదే ఇస్తుంది. విల్సన్‌కు గుమాస్తాలు రాసిచ్చారు, వీళ్లకు యంత్రం రాసిస్తోంది. తేడా ఏమిటి?

ఆచార్యులు: లక్ష్మయ్య ఆ ఊరు వెళ్లాడు, ఆ రాతప్రతి చూశాడు. తేడా అది. లేని పుస్తకాన్ని ఉన్నట్టు చెప్పడం ఆయనకు చేతకాదు. యంత్రానికి ఆ బెరుకు లేదు. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో మాటా, ఏవియాంకా కేసు చూశావుగా. వాదిపక్షం లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన ఆరు తీర్పులను చూపించారు. ఒక్కటీ నిజం కాదు. 5000 డాలర్లు జరిమానా పడింది. పుస్తకాల పేర్లకూ ఇదే జరుగుతుంది. రచయిత నిజం, ప్రచురణ సంస్థ నిజం, పుస్తకం మాత్రం ఉండదు. దారి చూపడానికి వాడుకుంటే వాడుకో. పేరు కింద వాక్యం మాత్రం నీదే కావాలి.

విద్యార్థిని: అది ఒప్పుకుంటాను. కానీ మీరు కూడా రెండు ఒప్పుకోవాలి. ఒకటి, రెండు వందలకూ రాయను. నిఘంటువుకు, గెజిటీర్‌కు, ఒక్క తేదీ కోసం చూసిన పుస్తకానికి వివరణ రాయడం నాకూ దండగ, చదివేవాళ్లకూ దండగ. నా వాదన ఏ పుస్తకాల మీద నిలబడుతుందో, ఏవి దాన్ని పడగొట్టగలవో వాటికే రాస్తాను. రెండు, నూటయాభై మాటల కొలత వదిలేయండి. బ్రౌన్ 1829కి రెండు పేజీలు కావాలి. కొన్నిటికి రెండు వాక్యాలు చాలు.

ఆచార్యులు: రెండూ ఒప్పుకుంటున్నాను. కొలత ఇచ్చింది మొదలుపెట్టడానికే.

విద్యార్థిని: మూడోది కూడా ఉంది. ఇప్పుడు రాసిన అభిప్రాయం రెండేళ్ల తర్వాత నాదే కాకపోవచ్చు. ముందే రాసిపెట్టుకుంటే, నేనే రాశాను కదా అని దానికి కట్టుబడిపోతానేమో అని నా భయం. రాయకుండా మనసులో ఉంచుకుంటే మారడం తేలిక.

ఆచార్యులు: ఈ భయానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రాసినదాని మీద మమకారం పెరిగే మాట నిజమే. తేదీ వేసి రాయి. మారితే పాతది చెరపకుండా కింద కొత్త తేదీతో రాయి. రెండో అభిప్రాయం ఎక్కడ, ఏ పుస్తకం చదివాక పుట్టిందో నీకు తెలుస్తుంది. మనసులోనే ఉంచుకుంటే మారిందన్న సంగతే తెలియదు, మొదటినుంచీ అలాగే అనుకున్నానని అనుకుంటాం. అయినా నీ మాటలో నిజముంది. అందుకే థీసిస్‌లో అచ్చు వేయడానికి దీన్ని అడగడం లేదు, నీ బల్ల మీద ఉండటానికే అడుగుతున్నాను.

విద్యార్థిని: అంటే సబ్మిషన్‌లో పెట్టక్కర్లేదా? ఈ మాట ముందే చెబితే ఇంత తగాదా లేకపోయేది!

ఆచార్యులు: ముందే చెబితే రాసేదానివా?

విద్యార్థిని: రాసేదాన్ని కాదు. కానీ ఇప్పుడు నేను పెడతానంటే?

ఆచార్యులు: ఎందుకు?

విద్యార్థిని: మీరే అన్నారు కదా, నా తర్వాత వచ్చేవాళ్లు మళ్లీ ఊళ్లు తిరుగుతారని. శోధ్‌గంగలో అవే పేర్లు, అవే తప్పులు అని నేను మొదట్లో అన్నాను. నా బల్ల మీదే ఉంటే అది ఎలా మారుతుంది? చూసినవి, చూడనివి, ఏ లైబ్రరీలో ఏ ప్రతి ఏ స్థితిలో ఉందో, అన్నీ అనుబంధంగా వేస్తాను. అభిప్రాయం మారినచోట రెండు తేదీలూ ఉంచుతాను. పరీక్షకులు ఏమంటే అది అననీ.

ఆచార్యులు: పేజీలు పెరుగుతాయని అంటారు.

విద్యార్థిని: గ్రంథసూచిని కాపీ లెక్కల్లోకి తీసుకోవద్దని 2018 యూజీసీ నియమాల్లోనే ఉంది. జాబితాను ఎవరైనా ఎత్తి రాసుకోవచ్చని ఒప్పుకున్నట్టే. వివరణలు మాత్రం ఎత్తి రాస్తే దొరుకుతారు, ఎందుకంటే అవి ఒకరు చదివి రాసినవి. ఆ ఒక్క కారణానికైనా అచ్చులో ఉండాలి.

ఆచార్యులు: సరే, వేయి. అయితే ఒక పుస్తకం చేర్చాలి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చాటుపద్యాల మీద 1998లో ఇంగ్లిషులో తెచ్చిన సంకలనం, ‘ఎ పోయెమ్ ఎట్ ద రైట్ మూమెంట్’.

విద్యార్థిని: అది వేమన మీద పుస్తకం కాదు కదా.

ఆచార్యులు: కాదు. జనం నోళ్లలో తిరిగే పద్యాలకు కవి పేరు ఎలా అంటుకుంటుంది, ఆ పేరు వెనక ఏ సమాజం ఉంది అన్న ఆలోచన అందులో ఉంది. మకుటం ఉన్న ప్రతి పద్యమూ వేమనదేనా అని నువ్వు అడుగుతున్నావు. అది ఎందుకు వేమనది అయింది అని అడగొచ్చని ఆ పుస్తకం చెబుతుంది. ఆ 471 దగ్గర నీకు అవసరమొస్తుంది.

విద్యార్థిని: చేరుస్తాను. కానీ ఆ వివరణలో నేను ఒప్పుకోని సంగతి కూడా రాస్తాను. చాటువు వేరు, శతకం వేరు. వేమన పద్యానికి మకుటం ఉంది. ఎవరు కట్టినా ఆ మకుటంలోకి దూరడం తేలిక. వాళ్ల వాదన ఇక్కడ ఎంతవరకు వర్తిస్తుందో ప్రతులు చూశాకే చెబుతాను.

ఆచార్యులు: బ్రౌన్ సేకరణలోని రాతప్రతులు చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. ఎప్పుడు వెళ్తున్నావు?

విద్యార్థిని: నా సెలవు అయిపోయేలోపు వెళ్లి రావాలి. వెళ్లేముందు 1829, 1839 రెండూ విడివిడి పద్దులుగా రాసి మీకు పంపుతాను. అధ్యాయం సంగతి అక్కడినుంచి వచ్చాక మాట్లాడదాం సార్.